పాటల సీడీలో ఫైళ్లుండవు: బర్నింగ్, రిప్పింగ్ తంటాల అసలు కథ

కంప్యూటర్‌లో పాటల సీడీ పెట్టి తెరిస్తే ట్రాక్01.సీడీఏ, ట్రాక్02.సీడీఏ అంటూ వరసగా ఫైళ్లు కనిపిస్తాయి. ఒక్కోదాని సైజు 44 బైట్లు. ఐదు నిమిషాల పాట 44 బైట్లలో ఎలా పట్టింది? పట్టలేదు. అసలా ఫైళ్లు సీడీ మీద లేనే లేవు. ఏ ట్రాక్ ఎక్కడ మొదలవుతుందో చెప్పడానికి విండోస్ అప్పటికప్పుడు తయారు చేసి చూపించే గుర్తులవి. వాటినే డెస్క్‌టాప్ మీదికి కాపీ చేసుకుని, సీడీ బయటికి తీసేసి, పాట ఎందుకు రావట్లేదా అని తల పట్టుకున్నవాళ్లు చాలామందే. మ్యాక్‌లో మాత్రం అక్కడ కనిపించే ఫైల్‌ను లాగి పడేస్తే నిజంగానే పాట వచ్చేస్తుంది. కాపీ చేస్తున్నట్టు పైకి కనిపిస్తూ లోపల అది రిప్ చేసేస్తుంది, అంటే సీడీలోని శబ్దాన్ని చదివి ఫైల్‌గా మారుస్తుంది.

సీడీ బర్న్ చేసేటప్పుడు (అంటే ఖాళీ డిస్క్ మీద లేజర్‌తో రాసేటప్పుడు), రిప్ చేసేటప్పుడు వచ్చే చిక్కులు చాలావరకు ఇక్కడే పుడతాయి. పాటల సీడీని మనం పెన్‌డ్రైవ్ లాంటిదే అనుకుంటాం. దాన్ని తయారు చేసినవాళ్లు అలా అనుకోలేదు. ఫిలిప్స్, సోనీ కంపెనీలు కలిసి 1980లో రెడ్ బుక్ పేరుతో దాని నియమాలు రాసుకున్నాయి. 1982లో సీడీ ప్లేయర్లు మార్కెట్లోకి వచ్చాయి. కంప్యూటర్‌లో పెట్టి ఫైళ్లు చదువుకోవడమనే ఆలోచన ఆ నియమాల్లో ఎక్కడా లేదు. ప్లేయర్‌లో పెట్టగానే పాట మొదటి నుంచి చివరి దాకా ఆగకుండా వినపడాలి. వాళ్లకు కావాల్సింది అంతే.

కాబట్టి పాటల సీడీని ఒక గుడ్డ తాను అనుకోండి. మొదటి నుంచి చివరి దాకా ఒకే బట్ట. ఎక్కడెక్కడ కత్తిరించాలో చెప్పే కొలతల చీటీ ఒకటి తాను మొదట్లో ఉంటుంది. ఆ చీటీనే టీఓసీ అంటారు, అంటే విషయసూచిక. పాటల పేర్లు కూడా మామూలుగా అందులో ఉండవు, ఏ పాట ఏ నిమిషం ఏ సెకను దగ్గర మొదలవుతుందో మాత్రమే ఉంటుంది.

కొన్ని లెక్కలు

ఇక్కడ కొంచెం లెక్క తప్పదు. ఇది తెలిస్తే మిగతావి చాలా సులువవుతాయి.

సీడీలో శబ్దాన్ని సెకనుకు 44,100 సార్లు కొలిచి రాస్తారు. ఒక్కో కొలత 16 బిట్లు. కుడి ఎడమలకు విడివిడిగా రెండు చానెళ్లు. అన్నీ కలిపితే సెకనుకు 1,411 కిలోబిట్లు. దీన్ని సెకనుకు 75 సెక్టార్లుగా విడగొడతారు. ఒక్కో సెక్టార్‌లో 2,352 బైట్ల సంగీతం ఉంటుంది.

తర్వాత కంప్యూటర్ల కోసం డేటా సీడీ పద్ధతి వచ్చినప్పుడు అదే సెక్టార్‌లో అసలు సమాచారానికి 2,048 బైట్లే ఇచ్చారు. మిగతా చోటు ఆ సెక్టార్ చిరునామాకి, తప్పుల్ని పట్టుకుని దిద్దే అదనపు లెక్కలకి పోయింది. ఎందుకంటే ఒక ప్రోగ్రామ్ ఫైల్‌లో ఒక్క బిట్ మారినా అది పనికిరాకుండా పోవచ్చు. పాటలో ఒక కొలత అటూ ఇటూ అయితే చెవికి తెలియకపోవచ్చు. అందుకే పాటల సీడీకి ఆ అదనపు రక్షణ ఇవ్వలేదు. సెక్టార్‌కి తనదైన కచ్చితమైన చిరునామా కూడా లేదు.

ఈ తేడా నుంచే చాలామందిని అయోమయంలో పడేసే ఒక విషయం వస్తుంది. ఖాళీ సీడీ మీద 700 ఎంబీ, 80 నిమిషాలు అని రెండూ రాసి ఉంటాయి. మీ దగ్గరున్న ఎంపీ3 పాటలన్నీ కలిపి 150 ఎంబీ ఉండవచ్చు. అయినా బర్నింగ్ ప్రోగ్రామ్ చోటు చాలదు అంటుంది. అది అబద్ధం చెప్పట్లేదు. పాటల సీడీకి ఎంబీలతో పనిలేదు, నిమిషాలే లెక్క. ఎంపీ3ని విప్పి అసలు రూపంలోకి మార్చే రాయాలి కాబట్టి, 128 కిలోబిట్ల పాట దాదాపు 11 రెట్లు పెరుగుతుంది. నాలుగు నిమిషాల పాట ఎంపీ3గా 4 ఎంబీ లోపే ఉంటుంది, సీడీ మీద 40 ఎంబీ దాటుతుంది. ఎంబీలు చూడటం మానేసి, మొత్తం నిడివి 80 నిమిషాలు దాటిందా లేదా అన్నదే చూసుకోండి.

ముందు తేల్చుకోవాల్సింది

బర్న్ చేసిన సీడీ ప్లేయర్‌లో పాడట్లేదంటే మొదట అడగాల్సిన ప్రశ్న: మీరు రాసింది పాటల సీడీయా, డేటా సీడీయా? ఫైల్ మేనేజర్‌లో ఎంపీ3లను డిస్క్ మీదికి లాగి పడేసి బర్న్ నొక్కితే తయారయ్యేది డేటా సీడీ. కంప్యూటర్‌లో చక్కగా పాడుతుంది. ఎంపీ3 చదవగల కారు స్టీరియోలోనూ పాడుతుంది. మామూలు సీడీ ప్లేయర్‌లో పెడితే మాత్రం డిస్క్ లేదనో, తప్పు డిస్క్ అనో చూపిస్తుంది. పాపం, దానికి ఫైళ్లంటే ఏమిటో తెలియదు.

డేటా సీడీయే కావాలనుకుంటే అందులో తప్పేమీ లేదు. 128 కిలోబిట్ల ఎంపీ3లు ఒక్క డిస్క్‌లో 12 గంటల దాకా పడతాయి. ప్లేయర్ మీద ఎంపీ3 గుర్తు ఉందో లేదో చూసుకోండి చాలు. అది లేకపోతే బర్నింగ్ ప్రోగ్రామ్‌లో ఆడియో సీడీ అన్నదే ఎంచుకోవాలి. విండోస్ మీడియా ప్లేయర్ పాత రూపంలో బర్న్ ట్యాబ్‌లోనూ, మ్యాక్ మ్యూజిక్ యాప్‌లో ప్లేలిస్ట్‌ను బర్న్ చేసేటప్పుడూ ఈ ఎంపిక కనిపిస్తుంది.

రెండో ప్రశ్న: డిస్క్‌ను మూసేశారా? అంటే ఫైనలైజ్ అయిందా? రాయడం పూర్తయ్యాక చివరన ముగింపు గుర్తు పడాలి, మొదట్లో విషయసూచిక రాయాలి. మళ్లీ పాటలు చేర్చుకుందాంలే అని తెరిచి వదిలేసిన డిస్క్‌ను రాసిన కంప్యూటర్ డ్రైవ్ చదివేస్తుంది కానీ, ప్లేయర్‌కి అందులో ఏముందో తెలిసే దారి లేదు.

మూడోది డిస్క్ రకం. సీడీ-ఆర్ ఒక్కసారే రాసేది, సీడీ-ఆర్‌డబ్ల్యూ చెరిపి రాసేది. ఆర్‌డబ్ల్యూ డిస్క్ నుంచి తిరిగొచ్చే లేజర్ వెలుగు చాలా తక్కువ. ఫ్యాక్టరీ సీడీ 70 శాతం వెనక్కి పంపితే ఇది 15 నుంచి 25 శాతమే పంపుతుంది. పాత ప్లేయర్లకు అంత మసక వెలుగు చాలదు. పాటల కోసమైతే నా ఓటు ఎప్పుడూ సీడీ-ఆర్‌కే.

మధ్యలో ఆగిపోయే బర్నింగ్

ఒకప్పుడు సీడీ రాస్తున్నంతసేపూ కంప్యూటర్‌ను ముట్టుకోవద్దనేవాళ్లు. అది ఉత్త భయం కాదు. లేజర్ రాయడం మొదలుపెట్టాక సమాచారం ఎడతెగకుండా అందుతూ ఉండాలి. ఒక్క క్షణం ఆగినా డిస్క్ చెత్తబుట్టలోకే. దీన్నే బఫర్ అండర్‌రన్ అంటారు. 2000 ప్రాంతంలో సాన్యో కంపెనీ బర్న్-ప్రూఫ్ అనే పద్ధతి తెచ్చాక ఈ టెన్షన్ తగ్గింది. సమాచారం అందకపోతే డ్రైవ్ ఆగి, అందాక సరిగ్గా ఆగిన చోటు నుంచి అందుకుంటుంది. ఆ తర్వాత వచ్చిన డ్రైవ్‌లన్నింటిలో దాదాపు ఇలాంటి ఏర్పాటు ఉంది. కాబట్టి ఇవాళ బర్నింగ్ మధ్యలో ఆగితే, పక్కన బ్రౌజర్ తెరిచి ఉండటాన్ని నిందించి లాభం లేదు.

మరి దేన్ని అనుమానించాలి? తెర మీద వచ్చిన సందేశాన్ని ఒకసారి చదవండి. పవర్ కాలిబ్రేషన్ ఎర్రర్ అని ఉంటే అది చాలా విషయం చెబుతోంది. ప్రతి సీడీ-ఆర్‌లో లోపలి అంచు దగ్గర లేజర్ బలాన్ని పరీక్షించుకోవడానికి కొంత చోటు వదులుతారు. రాయబోయే ముందు డ్రైవ్ అక్కడ కొన్ని గీతలు కాల్చి, ఈ డిస్క్ రంగుపూతకు ఎంత వేడి కావాలో చూసుకుంటుంది. ఏ బలంతో కాల్చినా ఫలితం బాగా రాకపోతే చేతులెత్తేస్తుంది. అంటే ఆ డిస్క్ పూత నాసిరకమైనా అయి ఉండాలి, లేజర్ అయినా బలహీనపడి ఉండాలి. ఏదో తేల్చడం సులువే. వేరే కంపెనీ డిస్క్ పెట్టి చూడండి. అది బాగా రాస్తే తప్పు డిస్క్‌ది. రెండు మూడు కంపెనీల డిస్క్‌లూ అలాగే అంటే డ్రైవ్ వయసైపోయింది.

‘కానీ డీవీడీలు బానే రాస్తోందే’ అంటారు చాలామంది. అది రుజువు కాదు. సీడీకి 780 నానోమీటర్ల లేజర్, డీవీడీకి 650 నానోమీటర్ల లేజర్. ఒకే డ్రైవ్‌లో ఉన్నా రెండూ వేరు. ఒకటి చచ్చిపోయి రెండోది బతికి ఉండటం సర్వసాధారణం.

యూఎస్‌బీతో తగిలించే పలచటి డ్రైవ్‌లకు ఇంకో జబ్బు ఉంది. చదవడానికి సరిపోయే కరెంటు రాయడానికి సరిపోకపోవచ్చు. డిస్క్ వేగం అందుకునేటప్పుడు, లేజర్ కాల్చేటప్పుడు అది ఎక్కువ లాగుతుంది. హబ్ తీసేసి నేరుగా కంప్యూటర్‌కి, వీలైతే డెస్క్‌టాప్ వెనక పోర్టుకి తగిలించండి. డ్రైవ్‌తో రెండు తలల కేబుల్ ఇచ్చారంటే ఆ రెండో తల అలంకారానికి కాదు, దాన్నీ తగిలించాలి.

ఇక వేగం గురించి. ఎంత నెమ్మదిగా రాస్తే అంత మంచిదన్న నమ్మకం బాగా పాతుకుపోయింది. 1ఎక్స్ (అంటే పాట వినే వేగం) లేదా దానికి రెట్టింపైన 2ఎక్స్‌లో రాసిన కాలానికి అది సరైనదే. ఇప్పటి డిస్క్‌ల పూతను ఎక్కువ వేగాలకు తగ్గట్టు తయారు చేస్తారు. మరీ నెమ్మదిగా కాలిస్తే గీతలు శుభ్రంగా పడకపోవచ్చు. 52ఎక్స్ దగ్గర మాత్రం డిస్క్ నిమిషానికి దాదాపు 10,000 చుట్లు తిరుగుతుంది, చిన్న వణుకు కూడా పెద్దదవుతుంది. మధ్యస్థంగా 16ఎక్స్ గానీ 24ఎక్స్ గానీ పెట్టుకోండి. ఆదరాబాదరా ఎందుకు, ఆదా అయ్యేది రెండు మూడు నిమిషాలే.

మొదటి పాటలు బాగుండి చివరివి తడబడితే

ఈ లక్షణం గురించి విడిగా చెప్పాలి. ఎందుకంటే ఇందులో జవాబు దాదాపు దొరికిపోతుంది. సీడీ మీద రాత లోపలి నుంచి బయటి అంచుకి సాగుతుంది. మొదటి పాట మధ్య రంధ్రం దగ్గర, చివరి పాట అంచున ఉంటాయి. వేగంగా రాసే డ్రైవ్‌లు ఆ పూర్తి వేగాన్ని అందుకునేది అంచు దగ్గరే. డిస్క్ కాస్త వంగి ఉంటే ఆ వంపు ఎక్కువగా తెలిసేదీ అక్కడే. పూత నాణ్యత దెబ్బతినేదీ, వేళ్లు పడేదీ కూడా అంచునే. కాబట్టి చివరి రెండు పాటలు ఎగిరెగిరి పాడుతుంటే ఫైళ్లను అనుమానించకండి. రాసే వేగం తగ్గించండి, 80 నిమిషాలూ అంచు దాకా నింపకుండా 75 దగ్గర ఆపండి. కాగితం లేబుల్ అంటించి ఉంటే పీకొద్దు, ఇంకో కాపీ లేబుల్ లేకుండా రాసుకోండి. సరిగ్గా మధ్యకి కుదరని లేబుల్ డిస్క్ బరువును ఒక పక్కకి లాగుతుంది.

అలా కాకుండా మూడో పాటలో రెండో నిమిషం దగ్గర, ప్రతి ప్లేయర్‌లోనూ, అదే చోట టప్ మంటుంటే? అప్పుడు అసలు ఫైల్‌నే కంప్యూటర్‌లో అదే చోట వినండి. చాలాసార్లు ఆ చప్పుడు ఎంపీ3లోనే ఉంటుంది, సీడీ దాన్ని నమ్మకంగా మోసుకొచ్చిందంతే. ఫైల్ శుభ్రంగా ఉండి సీడీలో మాత్రం ఉంటే ఆ చోట డిస్క్ మీద మరకో గీతో వెతకండి. ఒక్క ప్లేయర్‌లోనే వస్తే తప్పు ఆ ప్లేయర్ లెన్స్‌ది. ఇలా ఒక్కోసారి ఒక్కటే మార్చి చూడాలి. డిస్క్ కంపెనీ, వేగం, ప్రోగ్రామ్ అన్నీ ఒకేసారి మార్చేస్తే బాగుపడినా ఎందుకు బాగుపడిందో తెలియదు.

పాటకీ పాటకీ మధ్య ఖాళీ

కచేరీ రికార్డింగులలో పాట నుంచి పాటకి చప్పట్లు ఆగకుండా సాగాలి. బర్న్ చేసిన సీడీలో మాత్రం రెండు సెకన్ల నిశ్శబ్దం దిగబడుతుంది. కారణం ట్రాక్-ఎట్-వన్స్ అనే రాత పద్ధతి. ప్రతి పాట తర్వాతా లేజర్ ఆగి మళ్లీ మొదలవుతుంది. డిస్క్-ఎట్-వన్స్ ఎంచుకుంటే ఒక్క ఊపులో మొత్తం రాసి, ఖాళీలు సున్నా పెట్టుకోవచ్చు. విండోస్ మీడియా ప్లేయర్‌లో ఖాళీలు లేకుండా బర్న్ చేసే ఆప్షన్ విడిగా ఉంటుంది.

అది పెట్టినా సన్నటి విరుపు వినిపిస్తే ఆశ్చర్యపోకండి. మీ ఫైళ్లు ఎంపీ3లైతే అది సహజం. ఎంపీ3 శబ్దాన్ని 1,152 కొలతల ముక్కలుగా కోసి దాస్తుంది. పాట నిడివి ఆ ముక్కలకు సరిగ్గా సరిపోదు కనుక మొదట్లోనూ చివర్లోనూ కొంచెం నిశ్శబ్దం వచ్చి చేరుతుంది. ఎంత చేరిందో కొన్ని ఎన్‌కోడర్లు (ఎంపీ3 తయారు చేసే ప్రోగ్రామ్‌లు) ఫైల్‌లో రాసి పెడతాయి, కానీ బర్నింగ్ ప్రోగ్రామ్ దాన్ని చదివి కత్తిరించాలి. అన్నీ ఆ పని చేయవు. దీనికి పక్కా మందు ఒకటే, అసలు సీడీని ఫ్లాక్‌గానో వేవ్‌గానో (శబ్దంలో ఏదీ పారేయని ఫైల్ రకాలు) రిప్ చేసి అందులోంచి రాయడం.

స్ట్రీమింగ్ యాప్‌లో డౌన్‌లోడ్ చేసిన పాటల్ని బర్న్ చేద్దామని చూసేవాళ్లకు ఒక మాట. అవి తాళం వేసి దాచిన ఫైళ్లు, ఆ యాప్ తప్ప ఇంకేదీ తెరవలేదు. బర్నింగ్ ప్రోగ్రామ్ వాటిని చూడదు, చూసినా ఒప్పుకోదు. సెట్టింగులు వెతకడం వృథా.

రిప్పింగ్: చదవడం అనుకున్నంత సులువు కాదు

ఇప్పుడు వెనక్కి, గుడ్డ తాను దగ్గరికి. సీడీ నుంచి పాట తీయడమంటే ఫైల్ కాపీ చేయడం కాదు. 12వ నిమిషం 30వ సెకను నుంచి చదువు అని డ్రైవ్‌ని అడగాలి. సెక్టార్‌కి కచ్చితమైన చిరునామా లేదు కాబట్టి డ్రైవ్ సుమారుగా అక్కడికి చేరుతుంది. కాస్త చదివి, కంప్యూటర్ అడిగే దాకా ఆగి, మళ్లీ మొదలుపెట్టినప్పుడు ఓ వెంట్రుకవాసి ముందో వెనకో పడిందనుకోండి, ఆ అతుకు దగ్గర చిటుక్కుమంటుంది. పాత డ్రైవ్‌లతో రిప్ చేసిన పాటల్లో వినిపించే చిటపటలు చాలావరకు ఇవే. దీనికి విరుగుడుగా రిప్పింగ్ ప్రోగ్రామ్‌లు ప్రతి ముక్కనూ ముందు ముక్క మీదికి కొంచెం ఎక్కించి చదివి, రెండూ కలిసే చోటు చూసి అతుకుతాయి. లినక్స్‌లో సీడీపారనోయా ఈ పనికి పేరు పొందింది.

రెండో సమస్య గీతలు. పాటల సీడీకి అదనపు రక్షణ లేదన్నాను గానీ అసలు రక్షణే లేదని కాదు. కొలతల్ని ఉన్న వరసలో కాకుండా చెదరగొట్టి, తప్పులు దిద్దే లెక్కలు కలిపి రాస్తారు. దాంతో రాత వెంబడి దాదాపు రెండున్నర మిల్లీమీటర్ల పొడవు చెరిగిపోయినా అసలు శబ్దాన్ని పూర్తిగా తిరిగి కట్టేయవచ్చు. అంతకు మించితే ముందు కొలత, వెనక కొలత చూసి మధ్యది ఇలా ఉంటుందని ఊహించి పూడుస్తుంది. వినేటప్పుడు అది వరం. రిప్ చేసేటప్పుడు మాత్రం చిక్కే. డ్రైవ్ ఊహించి ఇచ్చిందో నిజంగా చదివి ఇచ్చిందో మామూలు రిప్పర్‌కి తెలియదు. నూరు శాతం పూర్తయింది అని చూపించి ఊరుకుంటుంది. పాడైన పాట నెలల తర్వాత హెడ్‌ఫోన్లలో బయటపడుతుంది.

అందుకే సెక్యూర్ మోడ్ అనేది పుట్టింది. విండోస్‌లో ఎగ్జాక్ట్ ఆడియో కాపీ, మ్యాక్‌లో ఎక్స్‌ఎల్‌డీ లాంటివి ప్రతి భాగాన్నీ రెండుసార్లు చదివి పోలుస్తాయి, తేడా వస్తే సరిపోలే దాకా మళ్లీ మళ్లీ చదువుతాయి. డ్రైవ్ తన జ్ఞాపకంలో ఉన్నదే రెండోసారి ఇచ్చేసి మోసం చేయకుండా ఆ జ్ఞాపకాన్ని ఖాళీ చేయించి మరీ చదివిస్తాయి. గీతలున్న డిస్క్‌తో ఇది గంటలు పట్టవచ్చు. ఐట్యూన్స్‌లోనూ, విండోస్ మీడియా ప్లేయర్ పాత రూపంలోనూ ఎర్రర్ కరెక్షన్ అనే టిక్ ఉంటుంది. అది ఈ స్థాయిది కాదు, అయినా లేనిదానికన్నా నయం.

వీటన్నిటికన్నా నాకు తెలివైనదిగా అనిపించేది అక్యురేట్‌రిప్ అనే ఆన్‌లైన్ డేటాబేస్. ఒకే సీడీని ప్రపంచంలో చాలామంది రిప్ చేసి ఉంటారు. మీరు తీసిన పాటకి ఒక చెక్‌సమ్ (మొత్తం సమాచారం నుంచి తీసిన చిన్న గుర్తింపు సంఖ్య) లెక్కకట్టి, వాళ్లు తీసినవాటి చెక్‌సమ్‌లతో పోలుస్తుంది. పదిమందితో కలిస్తే మీ కాపీ సరైనదేనని దాదాపు ఖాయం, ఎందుకంటే వేర్వేరు డిస్క్‌ల మీద వేర్వేరు గీతలు పడి ఒకే తప్పు రావడం జరగదు. అయితే ఒక మెలిక ఉంది. ప్రతి డ్రైవ్ మోడల్ పాట మొదలును ఓ కొద్ది కొలతలు ముందుకో వెనక్కో చదువుతుంది. దీన్ని రీడ్ ఆఫ్‌సెట్ అంటారు. సెక్టార్‌కి 588 కొలతలుంటే ఈ తేడా కొన్నిసార్లు అంతకు మించే ఉంటుంది. చెవికి ఏమీ తెలియదు, సెకనులో అతి చిన్న భాగం. పోల్చాలంటే మాత్రం దాన్ని సరిదిద్దాలి. ప్రోగ్రామ్‌ని మొదటిసారి వాడేటప్పుడు, బాగా అమ్ముడైన సీడీ ఏదైనా పెడితే అదే ఆఫ్‌సెట్ కనిపెట్టేస్తుంది. మొదటిసారి పడే ఈ శ్రమ చూసి భయపడి వదిలేసేవాళ్లున్నారు, వదలొద్దు.

డిస్క్ మురికిగా ఉంటే ప్రోగ్రామ్ ఏం చేయగలదు? మెత్తటి బట్టతో మధ్య నుంచి అంచుకి తిన్నగా తుడవాలి, గుండ్రంగా కాదు. రాత గుండ్రంగా సాగుతుంది కాబట్టి అడ్డంగా పడిన గీత ఒక్కో చుట్టులో కొంచెమే చెరుపుతుంది, రాత వెంబడే పడిన గీత ఒకే చోట చాలా దూరం చెరిపేస్తుంది. ఇంకో సంగతి, మనం జాగ్రత్తపడే మెరిసే పక్క కన్నా బొమ్మ ఉన్న పక్కే సున్నితం. మెరిసే పక్క 1.2 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ అడ్డుంది. బొమ్మ పక్క పలచటి పూత కిందే రాత ఉంటుంది. అటు లోతుగా గీసుకుంటే ఏ పాలిషూ బాగుచేయలేదు. డిస్క్‌ని వెలుతురుకి అడ్డంగా పట్టుకున్నప్పుడు చుక్కలు చుక్కలుగా వెలుగు కనిపిస్తే అక్కడ పొర పోయినట్టే.

అరుదుగా ఎదురయ్యేవి రెండు చెప్పి ముందుకెళ్తాను. తొలినాళ్ల సీడీలు కొన్ని ప్రీ-ఎంఫసిస్ అనే పద్ధతిలో తయారయ్యాయి. హెచ్చు స్వరాలను పెంచి రాసి, ప్లేయర్ వాటిని తగ్గించి వినిపించేది. రిప్పర్ ఆ గుర్తును పట్టించుకోకపోతే పాట కీచుగా, చెవిలో గుచ్చుకునేలా వస్తుంది. అసలు ప్లేయర్‌లో బాగుండి, రిప్‌లో మాత్రమే అలా ఉంటే ఇదే అనుమానించాలి. రెండోది కాపీ నిరోధక సీడీలు. 2000 దశకం మొదట్లో కొన్ని రికార్డు కంపెనీలు రెడ్ బుక్ నియమాలను కావాలని వంచి డిస్క్‌లు తెచ్చాయి. సోనీ బీఎంజీ 2005లో ఏకంగా కొనేవాళ్ల కంప్యూటర్లలో రహస్యంగా సాఫ్ట్‌వేర్ దాచే సీడీలు అమ్మి, గొడవై, వెనక్కి తీసుకుంది. ఆ కాలం డిస్క్ చేతికొస్తే, డిస్క్ పెట్టగానే ప్రోగ్రామ్‌ను దానంతటదే నడిపించే ఆటోరన్ ఆపేశాకే లోపల పెట్టండి.

పేర్లు ఎక్కడి నుంచి వస్తాయి?

డిస్క్‌లో పేర్లు లేకపోతే రిప్ చేసినప్పుడు పాట పేరు, గాయకుడి పేరు ఎలా వచ్చాయి? ఇంటర్నెట్ నుంచి. 1990లలో సీడీడీబీ అనే డేటాబేస్ మొదలైంది. పాటల సంఖ్య, ఒక్కోటి ఎక్కడ మొదలవుతుందన్న కొలతలను కలిపి వేలిముద్రలా వాడి డిస్క్‌ని గుర్తుపట్టేది. తర్వాత అది గ్రేస్‌నోట్ అనే వ్యాపార సంస్థ అయింది. అందరికీ ఉచితమన్న ఫ్రీడీబీ 2020లో మూతపడింది. ఇప్పుడు ఎక్కువమంది మ్యూజిక్‌బ్రెయింజ్ వాడుతున్నారు.

దీన్నిబట్టి కొన్ని వింతలు అర్థమవుతాయి. పాటలు తక్కువున్న సీడీ పెడితే ఇంకేదో భాష ఆల్బమ్ పేరు రావడం, కొలతలు కాకతాళీయంగా కలవడం వల్ల. మీరే ఏర్చికూర్చిన పాటల సీడీకి పేర్లు రాకపోవడం, ఆ కూర్పు ప్రపంచంలో మీ దగ్గర తప్ప లేకపోవడం వల్ల. పాత ప్రోగ్రామ్‌లో హఠాత్తుగా పేర్లు రావడం ఆగిపోతే అది అడిగే సర్వర్ మూతపడి ఉండవచ్చు, సెట్టింగుల్లో చిరునామా మార్చాలి. సీడీ-టెక్స్ట్ అని డిస్క్ మీదే పేర్లు రాసే పద్ధతి 1996లో వచ్చింది గానీ అన్ని ప్లేయర్లూ చూపించవు, ఇంగ్లిష్ అక్షరాలు తప్ప మిగతా లిపులు చాలావాటిలో కుదరవు.

రిప్ చేసేటప్పుడు ఏ ఫార్మాట్ అంటే, చోటు గురించి బెంగపడే రోజులు పోయాయి కాబట్టి ఫ్లాక్. నాణ్యత ఏమాత్రం పోదు, సైజు సుమారు సగమవుతుంది, పేర్లు లోపలే దాచుకుంటుంది. ఫోన్‌కి ఎంపీ3 కావాలంటే దాన్నుంచి ఎప్పుడైనా చేసుకోవచ్చు. ఎంపీ3ని సీడీగా బర్న్ చేసి, ఆ సీడీని మళ్లీ ఎంపీ3గా రిప్ చేయడం మాత్రం చేయకండి. మొదటిసారి పారేసింది తిరిగి రాదు, రెండోసారి ఇంకొంత పోతుంది. 128 కిలోబిట్ల నుంచి తీసినదాన్ని 320లో దాచినా పెరిగేది సైజే.

డ్రైవే కనపడకపోతే

ట్రే తెరుచుకుంటోంది, లైటు వెలుగుతోంది, విండోస్‌లో మాత్రం డ్రైవ్ లేదు. డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తుతో 19 లేదా 39 కోడ్ కనిపిస్తే డ్రైవ్ బాగానే ఉన్నట్టు. బర్నింగ్ ప్రోగ్రామ్‌లు వ్యవస్థకీ డ్రైవ్‌కీ మధ్య తమ దూతల్ని పెడతాయి. ప్రోగ్రామ్ తీసేసినా ఆ దూతల పేర్లు రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోటు) అప్పర్‌ఫిల్టర్స్, లోయర్‌ఫిల్టర్స్ అనే చోట మిగిలిపోయి దారికి అడ్డంపడతాయి. సీడీ డ్రైవ్ విభాగంలో ఆ రెండింటినీ తొలగించి రీస్టార్ట్ చేస్తే డ్రైవ్ తిరిగొస్తుంది. రిజిస్ట్రీ ముట్టుకునే ముందు బ్యాకప్ తీసుకోండి, తర్వాత బర్నింగ్ ప్రోగ్రామ్ మళ్లీ ఇన్‌స్టాల్ చేయాల్సి రావచ్చు.

డ్రైవ్ పని చేస్తుండగానే పాత డిస్క్‌లు రిప్ చేసేద్దామనుకునేవాళ్లు వరస చూసుకోవాలి. ఫ్యాక్టరీలో అచ్చైన సీడీలు ఆగగలవు. వాటిలో రాత ప్లాస్టిక్ మీద గుంటలుగా పడింది. ఇంట్లో బర్న్ చేసినవి ముందు తీయాలి, ఎందుకంటే వాటిలో రాత రసాయన రంగుపూతలో ఉంది, ఎండకీ వేడికీ అది మెల్లగా వెలిసిపోతుంది. కిటికీ పక్కనో కారులోనో ఏళ్లు గడిపిన డిస్క్ అయితే అన్నిటికన్నా ముందు. ఒక డ్రైవ్ చదవలేదని వెంటనే పారేయకండి. డ్రైవ్‌కీ డ్రైవ్‌కీ చదివే సత్తాలో చాలా తేడా ఉంటుంది, ఇంకొకరి కంప్యూటర్‌లో పెడితే అదే డిస్క్ మొదటి ప్రయత్నంలోనే పలకవచ్చు. అక్కడా మొరాయిస్తే చదివే వేగాన్ని 4ఎక్స్‌కో 8ఎక్స్‌కో తగ్గించి, చదవగలిగిన పాటల్ని ముందు తీసేసి, మొండికేసిన ట్రాక్‌ని చివరికి ఉంచండి.